ఏడ్చేవాళ్లు లేని చావులు: పాలస్తీనా సమాజంలో జీవించే హక్కు

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినపడుతోందా? ఆ ఫ్యాను కింద కూర్చున్నవాళ్లకి నా గొంతు ఎలాగూ అందదు, కాస్త ముందుకి జరగండి.

ఇందాక బయట టీ తాగుతుంటే ఒక కుర్రాడు నన్ను పట్టుకున్నాడు. "సార్, కరపత్రంలో పాలస్తీనా సమాజంలో జీవించే హక్కు అని వేశారు, అక్కడ గాజాని శ్మశానం చేసేశారు కదా, ఆ చంపేవాళ్లని వదిలేసి చచ్చేవాళ్ల ఇంట్లో తప్పులు వెతకడానికి వచ్చారా మీరు?" అన్నాడు. కోపంగానే అన్నాడు. నాకు ఆ కోపం నచ్చింది. లోపలికి రా, జవాబు మైకులో చెప్తా అన్నాను. వచ్చాడు, మూడో వరసలో కూర్చున్నాడు, పేరు చెప్పనులే బాబూ, భయపడకు.

ముందు పెద్ద లెక్క చెప్పేసుకుందాం. 2023 అక్టోబరు 7న గాజాని ఏలుతున్న హమాస్, దాంతో కలిసి వెళ్లిన సాయుధులు ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మందిని చంపారు, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మామూలు జనం. ఆ తర్వాత ఇజ్రాయెల్ చేసిన యుద్ధంలో గాజాలో చనిపోయినవాళ్ల సంఖ్య అక్కడి ఆరోగ్యశాఖ లెక్క ప్రకారం 2025 చివరికి 70,000 దాటింది. శిథిలాల కింద ఇంకా ఉన్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. 2025 ఆగస్టులో గాజా నగరం ఉన్న ప్రాంతంలో కరువు వచ్చిందని ఐక్యరాజ్యసమితి గుర్తించే పద్ధతిలోనే ప్రకటించారు, అది వానలు లేక వచ్చిన కరువు కాదని నేను చెప్పక్కర్లేదు. 2024 జనవరి 26న అంతర్జాతీయ న్యాయస్థానం జాతిహనన ఒప్పందం కింద ఇజ్రాయెల్‌కి తాత్కాలిక ఉత్తర్వులిచ్చింది, ఆ బెంచి మీద ఉన్న మన దేశపు జడ్జి దల్వీర్ భండారీ కూడా మెజారిటీతోనే వెళ్లారు. అదే ఏడాది నవంబరులో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు నెతన్యాహు మీద, మాజీ రక్షణ మంత్రి గాలంట్ మీద, హమాస్ కమాండర్ దైఫ్ మీద వారంట్లు జారీ చేసింది. యుద్ధం లేని రోజుల్లో మాత్రం ఏం జరిగింది? ఇజ్రాయెల్‌లోనే ఉన్న యెష్ దిన్ అనే సంస్థ 2017 నుంచి 2021 దాకా లెక్కలు తీసింది. సైనికులు మమ్మల్ని కొట్టారు, చంపారు అని పాలస్తీనీయులు పెట్టిన ఫిర్యాదుల్లో ఛార్జిషీటు దాకా వెళ్లినవి నూటికి ఒకటి కూడా లేవు.

కాబట్టి చంపే చేతుల్లో పెద్ద చెయ్యి ఎవరిదో నాకు అనుమానమేమీ లేదు. దాని గురించి ఇదే హాల్లో చాలా సార్లు మాట్లాడుకున్నాం, మళ్లీ మాట్లాడుకుంటాం. ఇవాళ నేను మాట్లాడేది చిన్న చేతుల గురించి. ఎందుకంటే ఈ కుర్రాడు నన్ను అడిగిన ప్రశ్నే, ఇదే కోపంతో, గాజాకి చెందిన ఒక లాయరుని ముప్పై ఏళ్లుగా అడుగుతున్నారు.

ఆయన పేరు రాజీ సురానీ. పేరుకే రాజీ, మనిషి ఎక్కడా రాజీపడే రకం కాదు. (నవ్వులు) ఇజ్రాయెల్ ఆయన్ని చాలాసార్లు జైల్లో పెట్టింది. 1994లో, ఇజ్రాయెల్‌తో కుదిరిన ఓస్లో ఒప్పందం ప్రకారం, పాలస్తీనీయుల సొంత ప్రభుత్వంగా పాలస్తీనా అథారిటీ వచ్చింది, వాళ్ల నాయకుడు అరాఫత్ గాజాకి తిరిగొచ్చారు, జనం వీధుల్లో ఆడి పాడారు. ఏడాది తిరక్కుండానే, 1995 ఫిబ్రవరిలో, అరాఫత్ ప్రభుత్వం స్టేట్ సెక్యూరిటీ కోర్టులని పెట్టింది. అర్ధరాత్రి విచారణలు, సైనికాధికారులే జడ్జీలు, కొన్ని కేసులైతే నిమిషాల్లో తేలిపోయేవి. ఇదేం కోర్టు అని రాజీ అడిగారు. అడిగినందుకు ఈసారి సొంత పోలీసులే పట్టుకెళ్లారు. వదిలాక ఆ ఏడాదే పాలస్తీనియన్ సెంటర్ ఫర్ హ్యూమన్ రైట్స్ అనే సంస్థ మొదలుపెట్టారు. ఇప్పటికీ గాజాలో ఎవరు ఎవరి చేతిలో పోయారో లెక్క రాసేవాళ్లలో వాళ్లు ముందుంటారు.

ఇంకో ఆయన డాక్టర్ ఇయాద్ అల్ సర్రాజ్, గాజాలో మానసిక వైద్యుడు. 1996లో అథారిటీ ఆయన్ని కూడా లోపలేసింది. ఆయన తర్వాత చెప్పిన ఒక సంగతి నేను ఎప్పుడూ మర్చిపోలేను. పక్క గదిలో ఒక పాలస్తీనా అధికారి ఒక పాలస్తీనా ఖైదీని కొడుతూ అరుస్తున్నాడట. మొదట అరబ్బీలో అరిచాడట. కోపం పెరిగే కొద్దీ హీబ్రూలోకి మారిపోయాడట. ఆ అధికారి ఒకప్పుడు ఇజ్రాయెల్ జైల్లో దెబ్బలు తిన్నవాడే అయి ఉంటాడు, కొట్టే భాష అక్కడే నేర్చుకున్నాడు. నేను దీన్ని సాకుగా చెప్పడం లేదు, డాక్టరు గారు కూడా సాకుగా చెప్పలేదు.

1998 ఆగస్టులో గాజాలో ఇద్దరు అన్నదమ్ములని తుపాకులతో కాల్చి మరణశిక్ష అమలు చేశారు, అథారిటీ వచ్చాక అదే మొదటిది. నేరం జరిగిన తర్వాత శిక్ష అమలుకి వారం కూడా పట్టలేదు. రెండు కుటుంబాల మధ్య గొడవ, హత్యలు, ఊళ్లో ఉద్రిక్తత, జనం రోడ్డెక్కారు, ప్రభుత్వం జనాన్ని చల్లార్చడానికి ఇద్దరిని చంపింది. లాయరుగా నాకు ఇందులో అన్నిటికంటే భయం వేసేది ఆ వేగం. అప్పీలుకి కూడా టైం లేకపోతే దాన్ని తీర్పు అని ఎట్లా అంటాం?

ఇక చట్టం సంగతి. కొంచెం బోరు కొడుతుంది, తొందరగా చెప్పేస్తా. పాలస్తీనా రెండో ముక్క వెస్ట్ బ్యాంకులో జోర్డాన్ వాళ్ల 1960 శిక్షాస్మృతి నడుస్తుంది. గాజాలో బ్రిటిష్ వాడు 1936లో రాసినది నడుస్తుంది. నవ్వకండి, మనం కూడా 1860 నాటి ఐపీసీని 2024 జూన్ ఆఖరు దాకా లాక్కొచ్చాం. వీటికి తోడు సైనిక కోర్టుల్లో పాలస్తీనా విమోచన సంస్థ, అదే పీఎల్ఓ, 1979లో ప్రవాసంలో ఉండగా రాసుకున్న విప్లవ శిక్షాస్మృతి. అన్నిట్లోనూ మరణశిక్ష ఉంది. వీటన్నిటి పైన బేసిక్ లా అని వాళ్ల రాజ్యాంగం లాంటిది ఒకటుంది, 2003లో సవరించారు. దాంట్లో 33వ అధికరణం పరిశుభ్రమైన పర్యావరణం మనిషి హక్కు అంటుంది. ఇంటి హక్కుంది, చదువు హక్కుంది. మన 21వ అధికరణం లాగా జీవించే హక్కు అని సూటిగా చెప్పే అధికరణం మాత్రం వెతికినా కనపడదు. అయితే 109వ అధికరణం ఒక పని చేసింది: ఏ కోర్టు వేసిన మరణశిక్షయినా అధ్యక్షుడు సంతకం పెడితే తప్ప అమలు చేయకూడదు అంది.

ఆ ఒక్క సంతకం మీద చాలా ప్రాణాలు నిలబడ్డాయి. 2005లో కొన్ని శిక్షలు అమలయ్యాక అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్ మళ్లీ ఒక్క దాని మీదా సంతకం పెట్టలేదు. 2019లో పాలస్తీనా, మరణశిక్షని రద్దు చేసే అంతర్జాతీయ ప్రోటోకాల్లో కూడా చేరింది. మన దేశం ఇంకా చేరలేదు, గుర్తుంచుకోండి. కానీ లోపల చట్టం మారలేదు, మార్చడానికి పార్లమెంటు లేదు. 2006లో ఎన్నికైన సభ 2007 నుంచి పని చెయ్యడం లేదు, 2018లో రద్దయింది కూడా. అబ్బాస్ గారు 2005లో నాలుగేళ్లకి ఎన్నికయ్యారు, ఇంకా ఆయనే ఉన్నారు. ఇంటిపెద్ద సంతకం పెట్టకపోవడం మంచిదే, కానీ ఆయన మనసు మీద ఆధారపడింది హక్కు ఎట్లా అవుతుంది?

2007 జూన్‌లో గాజాలో అబ్బాస్ పార్టీ ఫతా, హమాస్ కొట్టుకున్నాయి. హమాస్ వాళ్లు అధ్యక్షుడి గార్డుల దగ్గర వంట చేసే ఒక మనిషిని చేతులూ కాళ్లూ కట్టి పదిహేను అంతస్తుల మేడ పైనుంచి తోసేశారు. అదే రాత్రి ఫతా వాళ్లు ఒక మసీదులో ప్రసంగాలు చేసే హమాస్ మనిషిని ఇంకో మేడ పైనుంచి పడేశారు. ఒక వంటవాడు, ఒక బోధకుడు. ఆ తర్వాత గాజా హమాస్ చేతికి వెళ్లింది, వాళ్లు అబ్బాస్‌ని అధ్యక్షుడిగా ఒప్పుకోరు కనుక 109వ అధికరణాన్నీ పక్కన పెట్టారు. 2010 నుంచి సంతకం లేకుండానే శిక్షలు అమలు చేస్తూ వచ్చారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తున్నా. ఇన్ఫార్మర్లు.

ఈ మాట ఇక్కడ ఎవరికీ వివరించక్కర్లేదు. వరంగల్, ఖమ్మం, విశాఖ మన్యం నుంచి వచ్చినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. రాత్రి తలుపు కొట్టి తీసుకెళ్తారు, పొద్దున శవం పక్కన చీటీ ఉంటుంది. అటు పోలీసులు ఎన్‌కౌంటర్ అంటారు, ఇటు నక్సలైట్లు ఇన్ఫార్మర్ అంటారు, రెండు మాటలకీ రుజువు అక్కర్లేదు. మన పౌరహక్కుల లాయరు బాలగోపాల్ గారు మొదటిదాన్ని జీవితమంతా అడిగారు, రెండోదాన్ని కూడా అడగాలన్నందుకు సొంత మిత్రులతోనే తెగిపోయి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టుకున్నారు. ఆయనకి కూడా "ఇది సమయం కాదు" అనే చెప్పారు.

ఈ యుద్ధానికి ముందు గాజాలో ఇన్ఫార్మర్ ఎట్లా తయారయ్యేవాడో చూడండి. క్యాన్సర్ రోగి ఉన్నాడు, గాజాలో ఆ వైద్యం లేదు, ఎరెజ్ చెక్‌పోస్టు దాటి ఇజ్రాయెల్ వైపు వెళ్లాలి, దానికి పర్మిట్ కావాలి. పర్మిట్ ఇచ్చే గదిలో ఇజ్రాయెల్ భద్రతా అధికారి కూర్చుని, మీ వీధిలో ఎవరెవరు ఉన్నారు, మీ బావమరిది ఏం చేస్తుంటాడు, చెప్తే వెళ్తావు అంటాడు. ఇది నా కల్పన కాదు, ఇజ్రాయెల్‌లోనే పనిచేసే డాక్టర్ల సంస్థ, ఫిజీషియన్స్ ఫర్ హ్యూమన్ రైట్స్, 2008లో రోగుల వాంగ్మూలాలతో బయటపెట్టింది. కూలి పర్మిట్లదీ ఇదే కథ. ఈ పర్మిట్ల మీదే 2023 దాకా వెస్ట్ బ్యాంక్ నుంచి లక్షన్నర దాకా జనం ఇజ్రాయెల్‌లో పనికి వెళ్లేవాళ్లు, యుద్ధం మొదలయ్యాక వాటిని ఆపేశారు, ఆ ఖాళీల్లోకి మన దేశం నుంచి తాపీ మేస్త్రీలని, కడ్డీ వంచేవాళ్లని తీసుకెళ్లారు, 2024లో హైదరాబాద్‌లో కూడా ఎంపికలు జరిగాయి. ఇది పక్క విషయం, కానీ ఎవరి కూడు ఎవరి కంచంలోకి వచ్చిందో తెలిసుంటే మంచిది.

సరే. ఆ రోగి ఒక మాట చెప్పాడనుకోండి. లేదా చెప్పలేదు, కానీ చెప్పాడని ఎవరో అనుకున్నారు. ఆ మాట వల్ల ఎవరి ఇంటి మీదో బాంబు పడి పిల్లలతో సహా పోయి ఉండొచ్చు కూడా. జనం కోపం నాకు అర్థమవుతుంది. కానీ అతన్ని ఆ గదిలో మెడ వంచినవాడు టెల్ అవీవ్‌లో రిటైరై పింఛను తీసుకుంటాడు. వంగినవాణ్ని గాజాలో గోడకి నిలబెడతారు.

2014 జులైలో గాజాలో ఇంకో యుద్ధం మొదలైంది. ఆగస్టు 21న ఇజ్రాయెల్ గాజాలోని రఫాలో హమాస్ సాయుధ విభాగం పెద్ద కమాండర్లని ముగ్గుర్ని చంపింది. మర్నాడు, 22న, గాజా నగరంలో 18 మందిని కాల్చి చంపారు. కొందర్ని శుక్రవారం ప్రార్థన అయ్యాక ఒమరీ మసీదు దగ్గర, ముఖాలకి ముసుగులు కట్టి, జనం చూస్తుండగా. పేర్లు ప్రకటించలేదు, కుటుంబాల పరువు కోసమట. ఆ యుద్ధంలో ఇట్లా చంపినవాళ్లు కనీసం 23 మంది అని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ తేల్చింది. అందులో కనీసం 16 మంది యుద్ధం మొదలవక ముందు నుంచే హమాస్ జైళ్లలో ఉన్నవాళ్లు, చాలామంది కేసులు ఇంకా కోర్టులో తేలనే లేదు. ఒక్క నిమిషం ఆలోచించండి. జులై కంటే ముందు నుంచి జైల్లో ఉన్న మనిషి ఆగస్టులో కమాండర్ ఏ ఇంట్లో ఉన్నాడో ఎట్లా చెప్తాడు? అతను చెప్పలేడని చంపినవాళ్లకి తెలుసు. జనానికి ఏదో ఒకటి చూపించాలి, చూపించారు.

ఆ రోజే రాజీ సురానీ ప్రకటన ఇచ్చారు. కారణం ఏదైనా సరే, ఈ హత్యలు ఆపండి అని. ఆకాశంలో ఇజ్రాయెల్ విమానాలు తిరుగుతున్నాయి, కింద ముసుగువాళ్లు తిరుగుతున్నారు, ఆయన గాజా నగరంలోనే కూర్చుని సొంత పేరుతో రాశారు. రోజూ ఇజ్రాయెల్ చంపినవాళ్ల జాబితా రాసే కలంతోనే ఈ 18 మందినీ రాశారు. టీ దగ్గర అడిగిన ప్రశ్నకి నా దగ్గర ఇంతకంటే మంచి జవాబు లేదు బాబూ. చనిపోయిన యోధుడికి పోస్టర్ ఉంటుంది, వీధికి పేరు పెడతారు, తల్లిని నలుగురు పలకరిస్తారు. ఇన్ఫార్మర్ అని ముద్ర పడినవాడికి సొంతవాళ్లే దూరమవుతారు. మావాడు కాదు అని బహిరంగ ప్రకటన ఇచ్చిన కుటుంబాలున్నాయి. అతని పిల్లలకి సంబంధాలు రావు. అతను పోయాడని రాయడానికి ఆ లాయరు తప్ప ఇంకెవరూ ఉండరు.

2025 అక్టోబరు 10న కాల్పుల విరమణ వచ్చింది కదా, కొద్ది రోజుల్లోనే గాజా నగరంలో కళ్లకి గంతలు కట్టిన మనుషుల్ని వీధిలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి కాల్చిన వీడియో వచ్చింది. మీలో చాలామంది చూసే ఉంటారు, ఫోన్లలో తిరిగింది. మళ్లీ అదే మాట, ఇన్ఫార్మర్లు, దొంగలు. ఇంకో పక్క, గాజాలో హమాస్‌కి వ్యతిరేకంగా కొన్ని ముఠాలకి ఆయుధాలిచ్చామని ఇజ్రాయెల్ ప్రధానే 2025 జూన్‌లో ఒప్పుకున్నాడు. తుపాకీ ఇచ్చేది వాళ్లు, ఆ తుపాకీ పేరు చెప్పి గోడకి నిలబెట్టేది వీళ్లు.

ఇక ఇంటి లోపలి చావులు. ఇక్కడ కాఫీ సంగతి చెప్పాలి.

పాలస్తీనాలో ఒక హత్య జరిగితే మొదటి మూడు రోజుల్ని, ఇంకో రోజులో మూడో వంతుని... సంప్రదాయంగా ఆ లెక్కే... రక్తం మరిగే సమయం అంటారు. వెస్ట్ బ్యాంకులో హెబ్రాన్ వైపు ఇప్పటికీ ఆ సమయంలో హంతకుడి బంధువుల ఇళ్లూ దుకాణాలూ తగలబడతాయి, బంధువులు ఊరొదిలి వెళ్లాల్సొస్తుంది. అప్పుడు పెద్దమనుషులు దిగుతారు. అత్వా అని తాత్కాలిక ఒప్పందం, ఆ తర్వాత సుల్హా, అంటే రాజీ. పెద్దమనుషుల బృందం బాధితుడి ఇంటికి వెళ్తుంది, కాఫీ ఇస్తారు, కప్పు ముందు పెట్టుకుంటారు కానీ తాగరు. మేం అడిగింది ఇస్తేనే తాగుతాం అంటారు. ఇంటాయన సరే అంటే కాఫీ తాగుతారు, రాజీ కుదిరినట్టు.

దీన్ని వెటకారం చెయ్యకండి. వెస్ట్ బ్యాంకులో దాదాపు 60 శాతం భూమి ఏరియా సీ, అంటే పూర్తిగా ఇజ్రాయెల్ అదుపులో ఉండే భాగం, అక్కడికి పాలస్తీనా పోలీసు వెళ్లాలంటే ఇజ్రాయెల్ సైన్యం అనుమతి కావాలి. పోలీసు వచ్చేలోపు ఇంకో నాలుగు శవాలు లేస్తాయి. ఆ నాలుగు శవాల్ని ఆపేది ఈ కాఫీయే. కానీ కోర్టుకెళ్లాక ఇదే కాఫీ ఇంకో పని చేస్తుంది. బాధితుడి కుటుంబం మా హక్కు వదులుకున్నాం అని రాసిస్తే జడ్జి శిక్ష తగ్గిస్తాడు. చచ్చిపోయింది కూతురు, చంపింది అన్న అయినప్పుడు బాధిత కుటుంబం ఎవరు? తండ్రి. హంతకుడి కుటుంబం ఎవరు? ఆ తండ్రే. ఆయన తన కొడుకుని తనే క్షమించి సంతకం పెడతాడు, కాఫీ కూడా అక్కర్లేదు. మిర్యాలగూడ చూసినవాళ్లం మనం, పరువు కోసం ఏం చేస్తారో కొత్తగా చెప్పేదేముంది.

2011 నుంచి 2018 దాకా అబ్బాస్ ఆర్డినెన్సుల మీద ఆర్డినెన్సులతో పరువు పేరు చెప్పి శిక్ష తగ్గించుకునే సెక్షన్లని ఒక్కొక్కటీ తీసేస్తూ వచ్చారు. మంచి పనే, మహిళా సంఘాలు ఏళ్ల తరబడి రోడ్డు మీద నిలబడితే వచ్చింది. కానీ అవి గాజాలో చెల్లలేదు. గృహహింస చట్టం ముసాయిదా ఏళ్లుగా బల్ల మీదే ఉంది. 2019 ఆగస్టులో బెత్లెహేం పక్కన 21 ఏళ్ల అమ్మాయి, పెళ్లికూతుళ్లకి మేకప్ చేసి సంపాదించుకునే పిల్ల, చనిపోయింది. ఇంట్లోవాళ్లు మేడ మీంచి పడిందన్నారు, దయ్యం పట్టిందన్నారు. ముగ్గురు బంధువుల మీద కేసు పెట్టారు. ఆ సెప్టెంబరులో రమల్లాలో, గాజాలో, ఇజ్రాయెల్‌లో ఉన్న హైఫాలో, అంటే గోడకి అటూ ఇటూ ఒకే రోజు ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చి, స్త్రీకి స్వేచ్ఛ లేకుండా దేశానికి స్వేచ్ఛ లేదు అన్నారు. వాళ్లకి కూడా ముందు ఆక్రమణ పోనివ్వండమ్మా అనే చెప్పారు.

హైఫా అన్నాను కదా. ఇజ్రాయెల్ పౌరులైన పాలస్తీనీయుల్లో 2022లో హింసకి, ముఠా కాల్పులకి పోయినవాళ్లు 116 మంది, 2023లో 244 మంది. ఏడాదిలో రెట్టింపు దాటింది. ఆ దేశం పోలీసులు తలుచుకుంటే ఏం చెయ్యగలరో ప్రపంచానికి తెలుసు. దీని మీద ఇంకో రోజు మాట్లాడాలి, ఇవాళ టైం లేదు, చీటీ కూడా వచ్చేసింది.

ఒక్కటి చెప్పి దిగిపోతా. నిజార్ బనాత్. హెబ్రాన్ మనిషి, ఫేస్‌బుక్ వీడియోల్లో పాలస్తీనా అథారిటీ అవినీతిని పేర్లు పెట్టి తిట్టేవాడు, 2021 మే ఎన్నికల్లో నిలబడ్డాడు, ఆ ఎన్నికలే వాయిదా పడ్డాయి. జూన్ 24న తెల్లవారకముందు అథారిటీ భద్రతా దళాలు అతనున్న బంధువుల ఇంటి మీద పడ్డాయి, కొద్ది గంటల్లో మనిషి పోయాడు. ఆ ఇల్లు హెబ్రాన్‌లో ఇజ్రాయెల్ అదుపులో ఉండే భాగంలో ఉంది. ఆడపిల్ల ఫోన్ చేస్తే అనుమతి లేదని రాలేని పోలీసులు అక్కడికి ఎట్లా వెళ్లారో మీరే ఆలోచించుకోండి. 14 మంది కింది స్థాయి వాళ్ల మీద సైనిక కోర్టులో కేసు పెట్టారు, ఆర్డరిచ్చింది ఎవరో తేల్చలేదు. 2022లో ఆ 14 మందీ బెయిలు మీద బయటికొచ్చారు. కుటుంబాన్ని రాజీకి రమ్మన్నారు. వాళ్లు ఒప్పుకోలేదు, విదేశాల్లో న్యాయం కోసం తలుపులు తట్టారు. పెద్దమనుషుల ముందు పెట్టే ఆ కప్పు అక్కడే ఉండిపోయింది.

మూడో వరసలో కుర్రాడికి మైకు ఇవ్వండి. ఇంకా కోపంగానే ఉన్నట్టున్నాడు.